ఎవరూ ఏమీ అడగని ఇంటర్నేషనల్ ఆఫీసు

మా కంపెనీ బోర్డు మీదికి ‘ఇంటర్నేషనల్’ అన్న మాట, విదేశాల నుంచి ఒక్క పని కూడా రాకముందే ఎక్కేసింది. తర్వాత చేర్చాలంటే మళ్ళీ పెయింటర్ని పిలవాలి కదా అని మా సారు ముందే రాయించేశారు. ఆ బోర్డు వేలాడింది మాదాపూర్‌లో, పై అంతస్తు ఇంకా పూర్తికాని ఒక ఇంటి మొదటి అంతస్తుకి. కింద ఇంటివాళ్ళు గేదెల్ని కట్టేసేవాళ్ళు. మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళకి ఫోన్‌లో దారి చెప్పేటప్పుడు సారు ‘ఇంటర్నేషనల్ బోర్డు’ అనేవారు. వాళ్ళు మాత్రం గేదెల్ని చూసి గుర్తుపట్టేవాళ్ళు.

తొంభైల చివరి రోజులవి. హైటెక్ సిటీ అంటూ కొత్తగా పెద్ద భవనం ఒకటి లేచింది గానీ, దాని చుట్టూ రాయదుర్గం దాకా బండరాళ్ళే. ఆ బండల్ని రోజూ మధ్యాహ్నం పేల్చేవాళ్ళు. ఎర్రజెండా పట్టుకున్నాయన విజిల్ వేయగానే మేం డ్రాయింగులు గీసే ప్లాటర్ యంత్రం ఆపేసి, కంప్యూటర్ల మీద దుప్పట్లు కప్పి, చేతులు కట్టుకుని కూర్చునేవాళ్ళం. ఆపడం మరిచిపోతే తిన్నగా రావాల్సిన గోడ కాగితం మీద వంకర తిరిగేది. మూసాపేటలో మా కిరాయి ఇంటి నుంచి రెండు బస్సులు మారి, సెవెన్ సీటర్ ఆటోలో పదకొండో మనిషిగా ఇరుక్కుని నేను చేరుకునే అంతర్జాతీయ సంస్థ ఇది.

మా పని చెప్పుకోవడానికి సులువే. ఎవరైనా ఏదైనా కట్టాలనుకుంటే స్తంభం ఎంత లావుండాలి, దూలం ఎంత ఎత్తులో ఉండాలి, ఇనుము ఎంత వేయాలి అని లెక్కగట్టి డ్రాయింగులు గీసివ్వడం. సారుతో కలిపి ఆరుగురం. సారు గోదావరి జిల్లా మనిషి. పెన్షన్ దాకా కుర్చీలోంచి కదలక్కర్లేని ప్రభుత్వోద్యోగం వదిలేసి ఈ కంపెనీ పెట్టారు. ఎక్కడ పెళ్ళి జరిగినా ఆయన బావమరిది పంక్తిలో పక్కనే కూర్చుని, “ఇంకా నడుస్తోందా బావగారూ?” అని అందరికీ వినపడేలా అడిగేవాడట. సారు నవ్వి ఇంకాస్త పప్పు వేయించుకునేవారట. నేనైతే ఆ పప్పు గిన్నె ఆ బావమరిది నెత్తిన బోర్లించేదాన్ని. నాకు నోరెక్కువ. మా అత్తగారు, మా ఆయన, మా ఇంటి ఓనరు, ముగ్గురూ ఒకే మాట మీద ఉన్న విషయం అదొక్కటే.

అలాంటి సారుకి ఎట్టకేలకు ఇంగ్లండ్‌లో ఒక పెద్ద కన్సల్టెన్సీతో పరిచయం కుదిరింది. వాళ్ళ షరతు సూటిగా ఉంది. ముందు ఒక పని ఇస్తారు. నచ్చితే మా ఆఫీసును తమ హైదరాబాద్ బ్రాంచిగా తీసుకుంటారు, ముప్ఫై మందిని పెంచుతారు. నచ్చకపోతే అంతే. సారు మమ్మల్ని కూర్చోబెట్టి చాలా మెల్లగా చెప్పారు. “ఇది గనక తప్పిపోతే, నేనింక లాగలేనమ్మా. మీ ఐదుగురినీ వేరే చోటు చూసుకోమని చెప్పాల్సి వస్తుంది. ఆ మాట చెప్పడం నాకు చాతకాదు. అందుకని కాస్త జాగ్రత్తగా చేద్దాం.” ఆ రోజు పేలుళ్ళు లేకపోయినా మేమందరం కాసేపు చేతులు కట్టుకునే కూర్చున్నాం.

వచ్చిన పని ఒక బస్సు డిపో షెడ్డు. అక్కడి పెద్ద ఇంజినీరు తన చేత్తో గీసిన స్కెచ్చు ఫ్యాక్సులో వచ్చింది. ఆయన్ని మేం మాలో మేం ‘దొరగారు’ అనుకునేవాళ్ళం. నా పక్క సీట్లో కూర్చునే నల్లగొండ ఇంజినీరు ఆ స్కెచ్చును ఒకటికి రెండుసార్లు చూసి నా బల్ల మీదికి జరిపాడు.

“మేడం, గీ బస్సు లోపలికెట్ల వోతది? టాపు దూలానికి తగుల్తది గద.”

చూస్తే నిజమే. తలుపు మీద దూలం, పక్కనే దొరగారు స్వయంగా రాసిన బస్సు ఎత్తు కన్నా జానెడు కిందికుంది. ఆ షెడ్డు అలాగే కడితే బస్సులన్నీ జీవితాంతం బయటే నిలబడాలి. ఇద్దరం కాగితం పట్టుకుని సారు గదిలోకి వెళ్ళాం. సారు కళ్ళజోడు పైకి నెట్టి చూసి, వెంటనే తలుపు వేసి రమ్మన్నారు.

“ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషమ్మా ఆయన. ఏదో పరధ్యానంలో ఒక అంకె జారింది. దాన్ని పట్టుకుని మనం ఫ్యాక్సు కొడితే ఎలా ఉంటుంది? ఆ ఫ్యాక్సు అక్కడ ఎవరి చేతిలో పడుతుందో ఏమో. కింద పనిచేసేవాళ్ళ ముందు పెద్దాయన పరువేం కాను?”

“మరి ఏం చేద్దామండీ?”

“మనమే సర్దేద్దాం. మూడో కంటికి తెలియనక్కర్లేదు.”

ఇప్పుడు రాస్తుంటే నవ్వొస్తుంది గానీ, ఆ క్షణాన సారు ఎంత మర్యాదస్తుడో అని నాకు ముచ్చటేసింది. బళ్ళో పంతులుగారు బోర్డు మీద లెక్క తప్పు వేస్తే, పుస్తకంలో ఒప్పు రాసుకుని ఊరుకున్న పిల్లలమే మేమందరం. దూలం జానెడు పైకి జరిపాం. అక్కడితో ఆగినా బాగుండేది. నల్లగొండ ఇంజినీరుకి ఇంకో ఆలోచన వచ్చింది.

“సార్, ఉత్త బస్సు ఎత్తొక్కటే చూస్తే ఎట్ల? పైన సామాన్లుంటయి గద. మా దేవరకొండ బస్సు మీద గంపలు, సైకిళ్ళు, ఒక్కోపారి మేకలు గుడ ఉంటయి.”

“అవునయ్యోయ్!” అన్నారు సారు. “దొరగారు ఆ సంగతే మరిచిపోయారు చూశావా!”

ఇంగ్లండ్‌లో బస్సు టాపు మీద మేకల్ని ఎక్కిస్తారా అన్న అనుమానం నాకు రాకపోలేదు. కానీ అనుమానం వచ్చినంత మాత్రాన అడగడం మా ఆఫీసులో అలవాటు లేదు. గంపల కోసం దూలాన్ని ఇంకో మూరెడు పైకి లేపాం. గోడలు పెరిగాయి, స్తంభాలు లావెక్కాయి. ఇంత మార్చినవాళ్ళం, పైన పెట్టిన ఉత్తరంలో ‘తమరి స్కెచ్చు ప్రకారమే యథాతథంగా తయారుచేశాము’ అని రాశాం. ఆ వాక్యం సారు సొంతం. పాతికేళ్ళు ప్రభుత్వంలో పనిచేసిన చెయ్యి కదా, వాక్యం నిగనిగలాడింది.

జవాబుగా దొరగారి ఫ్యాక్సు వచ్చింది. డ్రాయింగులు అందాయి, వచ్చేవారం స్వయంగా వస్తున్నాను, అంతే. దీన్ని సారు శుభవార్త కింద తీసుకున్నారు. నచ్చకపోతే అంత దూరం ఎందుకొస్తారని ఆయన వాదన. గోడలకు సున్నం వేయించారు. కింద ఇంటివాళ్ళని బతిమాలి గేదెల్ని వారం రోజులు వెనకవైపుకి మార్పించారు. ఆ ఇంటావిడ, “మీ దొరొస్తే మా బర్లు ఏం జేస్తయి సారూ, మీదవడి కరుస్తయా?” అని అడిగింది. నిజం చెప్పాలంటే ఆ ఇంట్లో సూటిగా ప్రశ్న అడిగే మనిషి ఆవిడొక్కతే.

దొరగారు వచ్చారు. పొడుగ్గా, ఎండకి కందిపోయి, తలుపు దగ్గర వంగి మరీ లోపలికొచ్చారు. కొబ్బరినీళ్ళు తాగారు. తర్వాత మా డ్రాయింగు బల్ల మీద పరిచి, దూలం మీద వేలు పెట్టి, నిదానంగా అడిగారు. “దీన్ని ఎవరు మార్చారు?”

మా దేశంలో ‘ఎవరు చేశారు’ అని అడిగేది బహుమతి ఇవ్వడానికి కాదని మా అందరికీ చిన్నప్పటి నుంచే తెలుసు. నల్లగొండ ఇంజినీరు లేచి నిలబడ్డాడు. “నేనే సార్.” అతన్ని ఒక్కణ్ణే బలిపెట్టడం నాకు నచ్చలేదు. నేనూ లేచి నేనే అన్నాను. దాంతో మిగతా ముగ్గురికీ పౌరుషం వచ్చింది. వాళ్ళూ లేచారు. అందులో ఒకతను ఆ పని జరిగిన వారమంతా మలేరియాతో దవాఖానలో ఉన్నాడు. చివరికి సారు చేతులు జోడించి, “బాధ్యత నాదండీ” అన్నారు. ఒక్క దూలాన్ని ఆరుగురు మార్చిన ఆఫీసును దొరగారు అంతకుముందెక్కడా చూసి ఉండరు. ఆయన మమ్మల్ని వరసగా చూసి, కూర్చోమని సైగ చేశారు.

“ఆ తప్పు నాకు తెలుసు. నేనే పెట్టాను” అన్నారు. “కొత్తవాళ్ళకి పని ఇచ్చేటప్పుడు ఎప్పుడూ పెడతాను. మీరు తప్పు కనిపెడతారా లేదా అన్నది కాదు నేను చూసేది. కనిపెట్టాక నాకు ఫోన్ చేస్తారా లేదా అని. మీరు చేయలేదు. పైగా నా స్కెచ్చు ప్రకారమే అని రాశారు. సరే, జానెడు ఎందుకు పెంచారో అర్థమైంది. ఆ పైన మూరెడు ఎందుకు?”

“గంపల కోసం సార్” అన్నాడు నల్లగొండ ఇంజినీరు. మేకల సంగతి దాచాడు.

దొరగారు నవ్వారు. కానీ నవ్వు ఆగాక ఆయన అన్నమాట నాకు ఇప్పటికీ గుర్తుంది. “మా బస్సుల మీద గంపలు పెట్టరు. ఈసారి ఎక్కువ పెట్టారు కాబట్టి డబ్బు దండగ, అంతే. రేపు ఏదో ఒక స్తంభం అక్కర్లేదని మీకు మీరే అనుకుని, నాకు చెప్పకుండా తీసేస్తే? కింద మనుషులుంటారు.” నాకు ఒళ్ళు మండింది, ఎందుకంటే ఆయన చెప్పింది నిజం. నిజం చెప్పేవాళ్ళ మీద వచ్చేంత కోపం నాకు అబద్ధాలకోర్ల మీద కూడా రాదు. ఈ వారమంతా ఇక్కడే ఉంటాను, మీరు అడగడం నేర్చుకోగలరో లేదో చూసి అప్పుడు నిర్ణయిస్తాను అని చెప్పి ఆయన హోటల్‌కి వెళ్ళిపోయారు.

ఆయన అటు వెళ్ళగానే సారు ప్రశ్నల కార్యక్రమం మొదలుపెట్టారు. పొద్దున ఇద్దరు, టీ అయ్యాక ఇద్దరు, పేలుళ్ళ తర్వాత ఒకరు. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్ళు లేచి ప్రశ్న అడగాలి. ముందుగా ఆ ప్రశ్న సారుకి వినిపించి, మర్యాదగా ఉందనిపించుకోవాలి. ఎవరికైనా ఇంగ్లీషు తడబడితే అటు మాట ఇటు చెప్పే పని నాది. మేం ఇంటి దగ్గర సిద్ధం చేసుకొచ్చేవాళ్ళం. తెలివితక్కువగా కనపడకూడదు కాబట్టి జవాబు బాగా తెలిసినవే ఎంచుకునేవాళ్ళం. కాంక్రీటు ఏ రకం వాడాలని నేను అడిగాను. అది ఆ కాగితం మీదే బొద్దు అక్షరాల్లో రాసి ఉంది. దొరగారు నా మొహం చూసి, కాగితం చూసి, మళ్ళీ నా మొహం చూశారు.

దారిలో పెట్టింది నల్లగొండ ఇంజినీరే. సారుకి వినిపించిన ప్రశ్న సమయానికి మరిచిపోయి, మనసులో ఉన్నది అడిగేశాడు. “సార్, షెడ్డు కప్పు మీద మంచు బరువు, మంచు బరువు అంటున్నరు. అది పడ్డంక ఎవరు ఊడుస్తరు? రోజూ ఊడుస్తె బరువుండదు గద.” సారు తల పట్టుకున్నారు. దొరగారి మొహం మాత్రం వెలిగిపోయింది. కుర్చీ దగ్గరికి లాక్కుని మంచు ఎలా పడుతుంది, గాలికి ఏ మూలకి కొట్టుకుపోయి పోగవుతుంది, దాన్ని ఎవరూ ఎందుకు ఊడవరు, అన్నీ బొమ్మలు గీసి చెప్పారు. చెబుతుంటే మాకు నిజం ప్రశ్నలు పుట్టాయి. ఒకరి మాట మీద ఒకరం పడిపోయి అడిగాం. విజిల్ వినపడక, ఆ పూట పేలుడుకి ప్లాటర్ మీది గోడ వంకరపోయింది. ఎవరూ పట్టించుకోలేదు.

వారం చివరికి దొరగారు ఒప్పుకున్నారు. హైటెక్ సిటీలో కొత్త భవనంలో ఒక అంతస్తు తీసుకుందామన్నారు. ఆ ఆఫీసు ప్లాను ఆయనే పెద్ద కాగితం మీద గీసిచ్చి, రెండు రోజుల్లో మీ అభిప్రాయాలు చెప్పండి అన్నారు. ముప్ఫై ఆరు బల్లలు, మీటింగు గది, టీ చోటు, ప్లాటర్‌కి చప్పుడు వినపడని గది. మేం చప్పట్లు కొట్టాం, బిర్యానీ తెప్పించుకున్నాం. సారు మాత్రం ఆ ప్లానును ఆ మూల నుంచి ఈ మూల దాకా చూశారు. తిరగేసి వెనకవైపు కూడా చూశారు. తర్వాత చాలా బాగుందండీ అని మడిచి పెట్టేశారు.

మర్నాడు నేను వెళ్ళేసరికి సారు తన గదిలో గోడ మీది వెంకటేశ్వరస్వామి పటం దించి న్యూస్‌పేపర్లో చుడుతున్నారు. బల్ల సొరుగులు ఖాళీగా ఉన్నాయి. చాలా ఏళ్ళుగా ఆయన చేతిలో అరిగిన స్కేలు నా చేతికిచ్చి, ఉంచుకోమ్మా, మంచిది అన్నారు.

“ఏంటండీ ఇదంతా?”

“అబ్బే, ఊరికే సర్దుతున్నాను. కొత్త చోటికి వెళ్ళేటప్పుడు మీకు బరువు తగ్గుతుంది కదా.”

‘మీకు’ అన్నారు. ‘మనకు’ అనలేదు. నేను బయటికొచ్చి ప్లాను విప్పాను. ముప్ఫై ఆరు బల్లలూ ఒకే కొలతలో ఉన్నాయి. సారుకి గది లేదు. ఈ ఊళ్ళో ఆ రోజుల్లో మేనేజర్ అంటే గది. గదికి అద్దం తలుపు, బల్ల మీద గంట, బల్ల వెనక తిరిగే కుర్చీ. గది తీసేస్తే మనిషిని తీసేసినట్టే. ప్రభుత్వాఫీసుల్లో గిట్టనివాళ్ళని పొమ్మని ఎవరూ చెప్పరు, సెలవు నుంచి తిరిగొచ్చేసరికి గది ఉండదు, అంతే. నల్లగొండ ఇంజినీరు నా భుజం మీదుగా చూసి నెమ్మదిగా అన్నాడు. “సారును తీసేసిన్రు మేడం.”

“అడుగుదామా?”

“మనం అడిగితే ఏం బాగుంటది? సారే ఏం అంటలేడు గద.”

మిగతా ముగ్గురూ అదే అన్నారు. ఆ వారమంతా అడగడం నేర్చుకున్నామని మెచ్చుకోళ్ళు పొందినవాళ్ళం, అసలైన ప్రశ్న దగ్గరికొచ్చేసరికి మళ్ళీ కుక్కిన పేనుల్లా కూర్చున్నాం. నాకు ఏడుపొచ్చింది. ఎవరి మీద కోపమో తెలియనంత కోపం కూడా వచ్చింది. మా ఐదుగురి ఉద్యోగాలు నిలబెట్టి, తను చప్పుడు చేయకుండా వెళ్ళిపోబోతున్నాడీయన. ఇంకో పెళ్ళిలో ఆ బావమరిది పక్కన కూర్చుని పప్పు వేయించుకుంటాడు.

దొరగారు వెళ్ళిపోయే రోజు అందరం బల్ల చుట్టూ చేరాం. సారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, కృతజ్ఞతలు చెప్పడానికి రాసుకొచ్చిన కాగితం జేబులోంచి తీశారు. దొరగారు ప్లాను పరిచి, ప్రశ్నలేమైనా ఉన్నాయా అన్నారు. సారు లేచి, “ఏమీ లేవండీ, అంతా బ్రహ్మాండంగా ఉంది” అంటూ కాగితం విప్పారు.

“నాకుంది” అన్నాను. నా గొంతు నాకే మరీ పెద్దగా వినిపించింది. “ఇందులో మా సారు ఎక్కడ కూర్చుంటారు?”

దొరగారికి ప్రశ్నే అర్థం కాలేదు. వేలితో ఒక బల్ల చూపించారు. కిటికీ పక్కన, రెండో వరసలో. “ఇక్కడ. మీ అందరి మధ్యలో. మా ఊళ్ళో నేను కూడా అలాగే కూర్చుంటాను. మా ఆఫీసులో ఎవరికీ గది లేదు.” అప్పటికి ఆయనకి ఏదో తట్టింది. తెరిచి ఉన్న సారు గదిలో, గోడ మీద పటం దించిన చోట కొత్త సున్నం అంటక మాసినట్టు మిగిలిన చతురస్రం చూశారు, సారు వైపు తిరిగారు. “ఆయన లేకుండా బ్రాంచి ఎక్కడిది? కాగితం రెండు రోజులు మీ దగ్గరే ఉంది. నన్నొక్క మాట ఎందుకు అడగలేదు?”

సారు నా వైపు తిరిగారు. కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకోబోయి, తన ఒంటి మీద ప్యాంటుందని గుర్తొచ్చి ఆగిపోయారు.

“నేను పెట్టిన కంపెనీలో నాకు కుర్చీ ఉందా అని, నేను ఎలా అడగనమ్మా?”

ఏమంటున్నారు అని దొరగారు నన్ను అడిగారు. ఆ వారమంతా అటు మాట ఇటు చెప్పేటప్పుడు నేను అంచులు నున్నగా చేసి చెప్పేదాన్ని. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన ఎర్రటి మొహం ఇంకా ఎర్రబడింది. లేచి నిలబడి, సారుకి క్షమాపణ చెప్పారు.

సారు అలవాటుగా రెండు చేతులూ ఎత్తి, “నో ప్రాబ్లం సర్, నో...” అని మొదలుపెట్టి, మధ్యలో ఆగారు. చేతులు దించారు.

“ప్రాబ్లమే సర్” అన్నారు. “రెండు రాత్రుళ్ళు నిద్ర పోలేదు నేను. నాకు గది కావాలి. చిన్నదైనా ఫర్వాలేదు.”

“ఇవ్వను” అన్నారు దొరగారు, వెంటనే.

మేమందరం సారు వైపే చూస్తున్నాం. సారు కృతజ్ఞతల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టారు. దాన్ని బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని దొరగారికి ఎదురుగా కూర్చున్నారు.

“ఎందుకివ్వరు?” అని అడిగారు మా సారు.